సమ్మెట అవ్వ

మొన్న ఆదివారం ఖిల్లా ఘణపూర్ పోతుంటే దారిలో రోడ్డు పని జరుగుతోంది. ఎదురుగా టిప్పర్ వస్తోందని బండి పక్కకు ఆపాను. అక్కడ ఒకావిడ కంకర రాయి కొడుతోంది. సుత్తి ఎత్తే ముందు కొంగు నడుముకు దోపుకుని, ఎడమ కాలి బొటనవేలితో మట్టిలో అడ్డంగా ఒక గీత గీసి, ఆ గీత మీద పాదం ఆనించింది. టిప్పర్ వెళ్లిపోయింది, వెనక బండ్లవాళ్లు హారన్లు కొట్టారు, ఒకాయన తిట్టాడు కూడా. నేను మాత్రం కదల్లేదు.

ఆ గీత నాకు తెలుసు. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో దాదాపు ఏడాది పాటు ప్రతి ఆదివారం గీసిన గీత అది. గీసిన మనిషి పోయి నాలుగు నెలలైంది. ఆమెకు చేస్తానని మాటిచ్చిన పని ఒకటి మొన్నటి దాకా చేయలేదు. దాని సంగతి చివర్లో చెప్తాను. అందులో నా పిరికితనం ఉంది, ముందే చెప్పుకోవాలంటే సిగ్గు.

నేను వనపర్తిలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్తాను. ఆకులు, వేర్లు, పూలు తప్ప ఇంకో లోకం తెలియనివాణ్ణి. కరోనా సెలవుల్లో ఏమీ తోచక, కత్తులు చేసేవాళ్ల వీడియోలు ఫోన్‌లో చూడటం మొదలుపెట్టాను. చూసినవాణ్ణి చూసి ఊరుకోవాలి కదా. అలా రెండు మూడేళ్లు చూశాక ఒక రోజు లారీ బ్రేక్ డ్రమ్ము తెచ్చి పెరట్లో కొలిమి చేశాను. గాలి కోసం మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మిషనుకు పైపు బిగించాను. "యాభై ఏండ్లకు అందరికి మోకాళ్ల నొప్పులొస్తయి, మా ఆయనకు కొలిమి వచ్చింది" అని ఆమె ఫోన్ చేసి మరీ అక్కచెల్లెళ్లందరికీ చెప్పింది. కత్తులకు కావలసిన ఉక్కు, అంటే పాత లారీ కమాన్ పట్టీలు, గద్వాల రోడ్డులో తూకానికి దొరికాయి. మానవపాడు నుంచి పాత విద్యార్థి ఒకడు తుమ్మబొగ్గు బస్తా పంపాడు. ఇక దాగలి ఒక్కటే తక్కువ. దాగలి అంటే కాలిన ఇనుమును పెట్టి కొట్టే ఇనుప దిమ్మె. అది పాత సామాను దుకాణంలో, విరిగిన కుర్చీల కింద దొరికింది. ఒక మూల అరిగిపోయి ఉంది. నలుగురం మోసి ఆటోలో వేస్తే ఆటో ముందు చక్రం పైకి లేచింది.

నా మొదటి కత్తి కొడవలి కావాలనుకున్నట్టు వంకర తిరిగింది. రెండోది నీళ్లలో ముంచగానే టప్పున విరిగింది. మూడోది చూడటానికి కత్తిలాగే ఉంది. మా ఆవిడ దాన్ని టమాటా మీద పెట్టి నొక్కింది. టమాటా నలిగింది, తెగలేదు. ఆ నలిగిన టమాటాతోనే పప్పు చేసి నాకు వడ్డించింది.

నాలుగోది కొడుతున్న ఒక ఆదివారం మధ్యాహ్నం వెనక గేటు తోసుకుని ఒక అవ్వ లోపలికి వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. ఆకుపచ్చ చీర, చెంపలో తంబాకు. మనిషి సన్నం. ముంజేతులు మాత్రం ఆ మనిషివి కావు, ఎవరో పహిల్వాన్ దగ్గర అడిగి తెచ్చుకున్నట్టున్నాయి. నా వైపు చూడనైనా చూడకుండా నేరుగా వచ్చి దాగలి మీద అరచెయ్యి పెట్టింది. అరిగిన మూలను బొటనవేలితో తడిమింది.

"ఇది మాది" అంది.

దుకాణంలో కొన్నాననీ, దొంగసొత్తు కాదనీ గడగడా చెప్పుకుపోయాను. ఆమె వినలేదు. తమది ఖిల్లా ఘణపూర్ దగ్గర పల్లె అనీ, కమ్మరోళ్లమనీ, ఆయన పోయాక కొడుకు వనపర్తిలో గేట్ల వెల్డింగ్ షాపు పెట్టుకుని కొలిమి సామానంతా పాతినుముకు వేశాడనీ, ఇప్పుడు ఉండేది మా వెనక వీధిలోనేననీ ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆ అరిగిన మూల మీద దెబ్బ పడితే దాగలి ఖంగున మోగదు, దగ్గినట్టు మోగుతుంది. పది రోజులుగా ఆ దగ్గు ఆమెకు ఇంట్లోకి వినిపిస్తోందట. మనదేనా, కాదా అని మంచం మీద లేచి కూర్చుంటోందట.

తీసుకుపోతుందేమోనని నా భయం. అది ముఖంలో కనిపించినట్టుంది.

"తీస్కపోయి ఏడ పెట్టుకుంట సారూ. నువ్వు కొట్టే దెబ్బలు ఇంటుంటే పగటిపూట కన్ను మూతవడ్తలేదు. జర సక్కగ కొట్టు, చాలు."

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం వచ్చేది. ముందు మా ఆవిడ దగ్గర ఒక స్టీలు గ్లాసు చాయ్, పోయేటప్పుడు ఇంకో గ్లాసు. నడుమ నాకు తిట్లు. మొదటి వారం వస్తూ వస్తూ పాత గొంగడి ఒకటి తెచ్చింది. నేను పొగకు భయపడి కొలిమిని ఎండలో పెట్టుకున్నాను. గాడిపొయ్యిలా మండుతున్న ఆ ఎండలో ఇనుము రంగు ఎవరికి కనిపిస్తుందని అడిగి, నాలుగు కట్టెలు పాతించి కొలిమి మీద గొంగడి కప్పించింది. నీడ పడ్డాక చూస్తే నిజంగానే, నేను ఎర్రగా ఉందనుకుని ముంచుతున్న ఇనుము పసుపు దాటిపోయి ఉంది. రెండో కత్తి ఎందుకు విరిగిందో అప్పుడు తెలిసింది. నెల తిరిగేసరికి గొంగడి పోయి రేకుల షెడ్డు వచ్చింది.

రంగులకు ఆమె పేర్లన్నీ పూలవే. నీళ్లలో ముంచాలంటే ఇనుము మోదుగపూవు కావాలి. తంగేడుపూవు అయిందంటే ఇనుము చెడింది, తీసి పక్కన పెట్టాలి. ముప్పై ఏళ్లుగా ఆ రెండు పూలకూ లాటిన్ పేర్లు చెప్తూ జీతం తీసుకుంటున్నవాణ్ణి, అవి పొయ్యిలో కూడా పూస్తాయని నాకు ఎవరూ చెప్పలేదు. "బోటనీ సారువంట, మోదుగపూవు గుర్తువడ్తలేవు" అని మా ఆవిడతో కలిసి నవ్వేది.

బాగుంది అనే మాట ఆమె నోట వినలేదు. పనికిరాని కత్తికి మాటే లేదు, తీసి బొగ్గుల పక్కన పడేసేది. కాస్త పనికొచ్చేదానికి "ఉండనీ" అనేది. అన్నిటికన్నా పెద్ద మెప్పు "జర నయం". అది ఏడాదిలో రెండుసార్లు విన్నాను, ఒకసారి మా ఆవిడ చేసిన చాయ్‌కి.

సమ్మెట ఆమెదే. సమ్మెట అంటే రెండు చేతులతో ఎత్తి కొట్టే పెద్ద సుత్తి. కమ్మరిళ్లలో మొగుడు పటకారుతో ఇనుము పట్టుకుని, చేతిలో చిన్న సుత్తెతో కూర్చుంటాడు. పెళ్లాం ఎదురుగా నిలబడి సమ్మెట వేస్తుంది. అలా నలభై ఏళ్లు వేసింది. నేను పటకారు పట్టుకుని కూర్చుంటే, ఎదురుగా వచ్చి, కొంగు దోపుకుని, బొటనవేలితో గీత గీసి నిలబడింది. గీత ఎందుకని అడిగాను. పాదం తప్పితే దెబ్బ తప్పుతుందట, దెబ్బ తప్పితే ఎదురుగా ఉన్నవాడి చెయ్యి పోతుందట. "మా ఆయన పది వేళ్లతోని పోయిండు సారూ" అనేది. భర్త గురించి ఆమె గొప్పగా చెప్పుకున్నది అదొక్కటే. అది ఆయన గొప్ప కాదని, ఈమె గొప్పని నాకు చాలా రోజులకు వెలిగింది.

మొదట్లో మా ఇద్దరికీ పని సాగేది కాదు. ఆమె నాలుగు దెబ్బలు వేయగానే సమ్మెట దించి, పోయి అరుగు మీద కూర్చుని తంబాకు నలుపుకునేది. పెద్దమనిషి, అలసిపోయిందేమో అనుకుని నేనూ ఆపేవాణ్ణి. ఇనుము చల్లారేది. మళ్లీ కాల్చడం, మళ్లీ నాలుగు దెబ్బలు, మళ్లీ తంబాకు. రెండు ఆదివారాలు ఇదే తంతు. ఆమెను ఇంత కష్టపెడుతున్నానే అని మా ఆవిడతో బాధపడ్డాను కూడా. మూడో ఆదివారం ఉండబట్టలేక, వద్దులే అవ్వా, నీకు చాతకాకపోతే నేనొక్కణ్ణే కొట్టుకుంటానన్నాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"నాకు చాతగాకపోవుడేంది? నువ్వే గద ఆపుమంటున్నవ్."

తప్పు నాదే. వీడియోల్లో వాళ్లు నడుమ నడుమ చిన్న సుత్తెతో ఖాళీ దాగలి మీద టింగు టింగుమనిపిస్తారు. అది చూడముచ్చటగా ఉందని నేనూ స్టైలుగా అలాగే వేస్తున్నాను. కొలిమి దగ్గర ఖాళీ దాగలి మీద దెబ్బ అంటే ఆపమని. ఇనుము మీద సుత్తె ఎక్కడ తాకితే సమ్మెట అక్కడ పడాలి, మెల్లగా తాకితే మెల్లగా, గట్టిగా తాకితే గట్టిగా. మంటల హోరులో ఎవరి మాటా వినపడదు, అందుకని చెప్పేదంతా సుత్తెతోనే చెప్తారు. నేను పాపం ఆమెను పనిలోకి పిలిచి, మరుక్షణం పొమ్మంటున్నాను. రెండు వారాలు ఆ మర్యాద సహించిందంటే ఆమె ఓపిక మెచ్చుకోవాలి.

ఆ రోజు ఆమెకు నవ్వాగలేదు. ఇంట్లో మొగుడూ పెళ్లాం కొట్లాడుకుని నెలల తరబడి మాట్లాడుకోని రోజులున్నాయట. అయినా పొద్దున్నే కొలిమి ముందు కూర్చుంటే సుత్తె చెప్పేది, సమ్మెట వినేది. ఆయన కోపం తగ్గిందా లేదా అని సుత్తె దెబ్బను బట్టే తెలిసేదట. తగ్గిన రోజు కూరలో కారం తగ్గించేదట.

నవ్వుతూ నవ్వుతూ ఉన్నప్పుడే అడిగాను, నువ్వు ఎప్పుడన్నా సుత్తె పట్టినవా అవ్వా అని. నవ్వు ఆగిపోయింది.

ఒక్కసారి పట్టిందట. తొలకరి పడ్డ వారం, ఆయన చలిజ్వరంతో పడి ఉన్నాడు. ఒక రైతు నాగలి కర్రు సాగగొట్టమని పొద్దున్నే ఇచ్చి పోయాడు. అదును దాటిపోతుందని, తోడికోడలికి సమ్మెట ఇచ్చి, తాను సుత్తె పట్టుకుని కర్రు చేసింది. సాయంత్రం రైతు వచ్చి ఎవరు చేశారని అడిగాడు. నేనే అంది. అతను కర్రు అంచు కూడా చూడలేదు. భుజాన వేసుకుని రెండు కోసుల దూరంలో ఇంకో కమ్మరి దగ్గరికి పోయి మళ్లీ కొట్టించుకున్నాడు. జ్వరం తగ్గి లేచిన భర్త ఆమెను ఒక్క మాటా అనలేదు. సుత్తెను మాత్రం గోడకు ఆమెకు అందనంత పైన మేకు కొట్టి తగిలించాడు.

"గా కర్రు దున్నేదో లేదో నాకు తెల్వదు సారూ" అంది. "ఒక్క సాలు దున్ని, పనికిరాలేదని నా మొఖాన పారేసినా మంచిగుండు."

నలభై ఏళ్ల కిందటి కర్రు అది. నిన్న జరిగినట్టు చెప్పింది. నా చేతిలోని సుత్తె ఆమె ముందు పెట్టాను. వద్దు అని తల తిప్పుకుంది. తర్వాత ఎన్ని ఆదివారాలు పెట్టానో, అన్నిసార్లూ వద్దనే అంది. ఆమెకు భయం రైతు గురించి కాదని నాకు తర్వాత అర్థమైంది. ఆ రైతే కరెక్టేమో, తన చేతికి నిజంగా పని రాదేమో అన్నది ఆమె భయం.

చలికాలంలో ఆమె కుడి భుజం పట్టేసింది. దవాఖానలో బరువులు ఎత్తొద్దన్నారు. వినే మనిషా? ఆ ఆదివారం వచ్చి, కొంగు దోపి, గీత గీసి సమ్మెట ఎత్తబోయింది. అది నడుము దాకా వచ్చి ఆగింది. ఇంకోసారి ఎత్తింది. అక్కడే ఆగింది. సమ్మెటను గోడకు ఆనించి, స్టూలు మీద కూర్చుని, కొలిమి వైపు చూస్తూ ఉండిపోయింది.

నేను లేచి సమ్మెట తీసుకున్నాను. నేను కొడతాను, ఎక్కడ కొట్టాలో నువ్వు చెప్పు అన్నాను. ఆమె నన్ను చూసింది, దాగలిని చూసింది, తర్వాత గేటు వైపు చూసింది. లేచి పోయి గేటు గడియ వేసి వచ్చింది. నన్ను తాను గీసిన గీత మీద నిలబెట్టి, పటకారు ఒక చేత, సుత్తె ఒక చేత పట్టుకుని దాగలి ముందు కూర్చుంది.

అంతవరకూ నేను కొట్టినదంతా చప్పుడేనని ఆ గంటలో తెలిసింది. ఆమె సుత్తె ఇనుము మీద ఇక్కడ, కొంచెం ఇవతల, ఇప్పుడు మెల్లగా, ఇంకొక్కటి అంటూ పోతోంది. నేను ఆ చోటు వెతుక్కుంటూ కొడుతున్నాను. ఒకసారి సమ్మెట జారి ఆమె వేళ్లకు వెంట్రుకవాసి దూరంలో పడింది. ఆమె చెయ్యి కదల్లేదు. "నేను గూడ పది వేళ్లతోనే పోవాలె, జర చూసి కొట్టు" అంది. సన్నగా, జానెడు పొడుగున ఒక కత్తి వచ్చింది. మోదుగపూవు రంగు చూసి అంచు వరకే నీళ్లలో ముంచింది. పైకి తీసి రాయితో గీకి, లోపలి వేడి అంచులోకి పాకి ఎండుగడ్డి రంగు తేలగానే మళ్లీ ముంచింది. విరగలేదు. అప్పుడు ఖాళీ దాగలి మీద సుత్తెతో ఒక్కటి వేసింది. నేను సమ్మెట దించాను.

పిడి వేసి సాన పట్టాక మా ఆవిడ ఆ కత్తి తనకు కావాలంది. అవ్వ ఒప్పుకోలేదు. కూరగాయలు ఎవరైనా కోస్తారు, మటన్ కొట్టు ఆయనకు ఇయ్యి, ఆయన బతికేదే కత్తితో అంది. ఎవరు చేశారో మాత్రం చెప్పొద్దంది.

మా వీధి చివర మటన్ కొట్టు నడిపే ఆయన మొహమాటం తెలియని మనిషి. బోణీ బేరంలో కూడా నోరు చేసుకుంటాడు. కత్తి ఇచ్చి, వారం వాడి చెప్పమన్నాను. వారం తర్వాత పోతే నన్ను చూడగానే కత్తి ఊపాడు. బొక్క పక్కకు పోతే కండ దానంతటదే ఊడి వస్తోందట. "ఆ కమ్మరాయనకు చెప్పి ఇంకో రెండు చేపియ్యి సార్" అన్నాడు.

అవ్వ అప్పటికి కోడేరులో కూతురి దగ్గర ఉంది. భుజం నొప్పితో పాటు ఆయాసం కూడా మొదలైందని కొడుకు తీసుకుపోయి దింపాడు. నేను ఆ పూటే బండి మీద కోడేరు పోయాను. మంచంలో దిండుకు ఆనుకుని విన్నది. ఇంకో రెండు అన్న మాట రెండోసారి చెప్పించుకుంది. తర్వాత అడిగింది.

"కమ్మరాయన అన్నడా?"

అవునన్నాను.

"అట్లయితె ఏం తెలిసినట్టు సారూ? ఆడమనిషి చేసిందని చెప్పు. చెప్పినంక వాపస్ ఇస్తే ఆ కత్తి నాకు తెచ్చియ్యి. ఇయ్యకపోతే వచ్చి చెప్పు."

చెప్తానన్నాను. చెప్పలేదు. మొదటి ఆదివారం కొట్టు ముందు జనం ఎక్కువ ఉన్నారు. రెండో ఆదివారం ఆయన ఎవరితోనో గొడవ పడుతున్నాడు. మూడోవారం నాకు పేపర్లు దిద్దే పని పడింది. ఇవన్నీ సాకులు. ఆయన ఆ కత్తిని ఛీ అని నా చేతిలో పెడితే, దాన్ని పట్టుకుని కోడేరు పోయి ఆమె ముందు నిలబడే ధైర్యం నాకు లేదు. నాలుగో వారం కొడుకు ఫోన్ చేశాడు. పొద్దున చాయ్ తాగి పడుకుందట, మళ్లీ లేవలేదట.

కోడేరు పోయాను. చేతులు రెండూ పొట్ట మీద పెట్టి ఉన్నాయి. నేను వేళ్లు లెక్కపెట్టుకున్నాను, పదీ ఉన్నాయి. ఊరివాళ్లు ఆమె భర్త పనితనం గురించి చాలాసేపు మాట్లాడారు. ఆమె గురించి, సమ్మెట మంచిగా వేసేది అన్నారు. సుత్తె పట్టి కత్తి కూడా చేసిందన్న మాట నా నోటి దాకా వచ్చింది. దాన్ని అక్కడ కూడా మింగేశాను.

మొన్న రోడ్డు మీద ఆ గీత చూశాక ఖిల్లా ఘణపూర్ పోలేదు. బండి తిప్పుకుని నేరుగా మటన్ కొట్టుకు వచ్చాను. ఆదివారం కదా, పదిమంది లైన్లో ఉన్నారు. ఆయన ఆ కత్తితోనే పని చేస్తున్నాడు. లైన్ పక్కనుంచి ముందుకు పోయి, అందరూ వినేలా చెప్పేశాను. ఆ కత్తి చేసింది కమ్మరాయన కాదు, ఒక అవ్వ అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. కత్తిని తిప్పి చూశాడు.

"ఆడమనిషా?"

"డెబ్బై దాటినామె."

"ఉన్నదా?"

"లేదు, పోయింది. నాలుగు నెలలైంది."

ఆయన గుడ్డతో కత్తిని రెండువైపులా తుడిచాడు. నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది, కత్తి వాపస్ తీసుకోవడానికి. ఆయన నా చేతిని చూశాడు.

"చెయ్యి సాపుతవేంది సార్? ఆమె పోయిందని నువ్వే చెప్తివి, ఇంకో రెండు ఏడికెళ్లి వస్తయి? ఉన్నదొక్కటి. దీన్ని నేనెందుకిస్త?"

అని, వెనకనున్న వాళ్ల వైపు తిరిగి ఎవరికెంత కావాలో అడుగుతూ మళ్లీ కోయడం మొదలుపెట్టాడు. నేను లైన్ చివరికి పోయి నిలబడి, వంతు వచ్చాక కిలో మటన్ తీసుకుని ఇంటికి వచ్చాను. మా ఆవిడకు సంచి ఇచ్చి షెడ్డులోకి పోయాను. అవ్వ నిలబడే చోట నేల మీద గీత ఎప్పుడో చెరిగిపోయింది. చెప్పు విప్పి, బొటనవేలితో మళ్లీ గీశాను. షెడ్డులో ఎవరూ లేరు కాబట్టి పైకే చెప్పాను.

వాపస్ ఇయ్యలేదవ్వా.